ఇంట్లోనే పిల్లల థీమ్ బర్త్‌డే: నల్లమలను వాకిట్లోకి దింపడం ఎలా?

పాలమూరులోనైనా, నల్లగొండలోనైనా థీమ్ బర్త్‌డే అంటే ఇప్పుడు ఒక పద్ధతి పడిపోయింది. డెకరేషన్ వాళ్లకు ఫోన్ చేస్తాం. వాళ్లొచ్చి హాల్లో ఒక గోడకు ఫ్లెక్సీ కట్టి, చుట్టూ బెలూన్లు అల్లి, ముందు ఒక టేబుల్ వేసి పోతారు. పిల్లలు దాని ముందు ఒక ఫొటో దిగి, అందిన రెండు బెలూన్లు పీక్కుని వాకిట్లోకి ఉరుకుతారు. ఇక ఆ ఫ్లెక్సీ ముందు రాత్రి దాకా వంతులవారీగా నిలబడేది పెద్దవాళ్లే. ఖర్చు పిల్లల పేరు మీద, పార్టీ పెద్దలది.

ఇక్కడ చెప్పేది ఇంకో దారి. డబ్బూ ఓపికా ఆటల మీద పెట్టి, అలంకరణను పాత చీరలతో, వేపకొమ్మలతో సరిపెట్టే దారి. ఐదు నుంచి పదేళ్ల లోపు పిల్లలు పది పన్నెండు మంది వస్తారనుకుని రాస్తున్నాను. మూడు నాలుగేళ్ల పిల్లలకైతే ఇంత హడావిడి అక్కర్లేదు. నాలుగు బెలూన్లు, ఒక కేకు, అమ్మమ్మ ఒడి ఉంటే వాళ్లకు చాలు.

థీమ్‌ను బిడ్డ నోటి నుంచే రాబట్టండి

మూడు వారాల ముందే కూర్చోబెట్టి అడగండి. "నీకు ఏ థీమ్ కావాలి?" అంటే టీవీలో చూసిన కార్టూన్ పేరు తప్ప ఇంకోటి రాదు. "నీ దోస్తులంతా వస్తే ఏం ఆడుకుంటరు?" అని అడిగి చూడండి. పులి వచ్చి పట్టుకోవాలనో, నీళ్లలో పడవలు వదలాలనో, దుకాణం పెట్టాలనో చెబుతారు. ఆ జవాబే మీ థీమ్. కార్టూనే కావాలని మొండికేస్తే గొడవ పెట్టుకోకండి. కేకు మీద, చొక్కా మీద ఆ బొమ్మ పెట్టించి, ఆటలు మాత్రం మీ ఇష్టప్రకారం నడపండి. ఆడుకోవడం మొదలయ్యాక ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు.

మన దగ్గర థీములకు కొదవ లేదు. వానాకాలం పుట్టినరోజైతే నాగార్జునసాగర్ పెట్టుకోవచ్చు. డ్యామ్‌కు 26 గేట్లు. అట్టముక్కలతో గేట్లు చేసి, టబ్బులో కాగితం పడవలు పెట్టి, "గేట్లు ఎత్తిండ్రు" అని అరవగానే మగ్గులతో నీళ్లు వదలడమే. సంక్రాంతి రోజుల్లో పతంగులు, రేగుపండ్లు. ఎండాకాలంలో మామిడితోట, తాటిముంజలు. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకు ఊరి అంగడి బాగుంటుంది. వాళ్లే కూరగాయలు అమ్మి, వాళ్లే బేరమాడి, కాగితం నోట్లతో కొనుక్కుంటారు. లెక్కల్లో వచ్చే గొడవలే సగం సరదా.

ఈ వ్యాసానికి నేను నల్లమల అడవిని తీసుకున్నాను. శ్రీశైలం పోయే దారిలో బస్సు కిటికీకి మొహం ఆనించి "పులి కనిపిస్తదా?" అని అడగని పిల్లలు మన జిల్లాల్లో తక్కువ. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో పరుచుకున్న అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,600 చదరపు కిలోమీటర్లకు పైగానే ఉంటుంది. పులి, చిరుత, ఎలుగుబంటి, కణితి, చుక్కల దుప్పి, కొండముచ్చు, అలుగు, అన్నీ అందులో ఉన్నాయి. ఎక్కడో ఆఫ్రికా జిరాఫీ, సింహం ఉన్న జంగిల్ ఫ్లెక్సీ కంటే ఇది పిల్లలకు దగ్గరగా ఉంటుంది. వచ్చే సెలవుల్లో తీసుకెళ్లి చూపించనూవచ్చు.

ఒక్క మాట. అడవి థీమ్ అనగానే పిల్లలకు ఆకులు కట్టి, చేతికి విల్లు ఇచ్చి చెంచుల వేషం వేయిద్దామనిపిస్తుంది. వద్దు. చెంచులు మన జిల్లాల్లో పెంటల్లో, అంటే అడవిలోని చిన్న గూడేల్లో ఉంటున్న మనుషులు, వాళ్ల పిల్లలు మన పిల్లలతో పాటు బడికి వస్తున్నారు. జంతువుల మాస్కులు ఉండగా మనుషుల్ని వేషం చేసుకోవాల్సిన అవసరం ఏముంది?

తేదీ, టైము, ఎవరెవరు

పుట్టినరోజు బడి ఉన్న రోజు పడితే ఆ రోజు పొద్దున తలంటు, కొత్త బట్టలు, గుడి, బడిలో చాక్లెట్లతో సరిపెట్టి, పార్టీని ఆదివారం పెట్టుకోండి. తేదీ అనుకోగానే ముందు ఇంట్లో నాయనమ్మ చెవిన వేయండి. అమావాస్యో ఇంకోటో ఆమెకు అడ్డం వచ్చేది ఉంటే అప్పుడే తేలిపోతుంది. అందరినీ పిలిచాక మార్చడం కంటే నయం. మార్చిలో పరీక్షలు చూసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం నాలుగంటే వాకిలి కాలిపోతుంటుంది. అయిదున్నరకు మొదలుపెట్టండి.

అన్నిటికంటే ముఖ్యమైన నిర్ణయం ఇక్కడే ఉంది. పిల్లల పార్టీని, చుట్టాల దావత్‌ను వేరు చేయండి. నాలుగు నుంచి ఆరు దాకా పిల్లలు. ఏడున్నర తర్వాత మేనత్తలు, మేనమామలు, పక్కింటివాళ్లు, బగారా అన్నం. రెండూ కలిపితే ఏమవుతుందో అందరికీ తెలుసు. ఆట మధ్యలో ఎవరో వస్తారు, వాళ్లకు నీళ్లియ్యాలి, చాయ్ పెట్టాలి, కుర్చీ వేయాలి. ఆట నడిపే మనిషి వంటింట్లోకి పోతుంది, పిల్లలు సోఫాల మీదెక్కి గంతులేస్తారు. "మీరు ఏడున్నరకు రండి వదినా, అప్పటికి పిల్లల గోల అయిపోతది, తీరిగ్గా కూసుందాం" అంటే ఎవరూ ఏమీ అనుకోరు. నిజానికి సంతోషిస్తారు.

ప్రతి నలుగురైదుగురు పిల్లలకు ఒక పెద్దమనిషి ఉండాలి. ఇంటర్ చదివే బాబాయిలు, చిన్నమ్మలు ఈ పనికి సరిగ్గా సరిపోతారు. బతిమాలైనా ఇద్దరిని పట్టుకోండి.

పిలుపు వాట్సాప్‌లో చాలు. ముగింపు టైము కూడా రాయండి. మనకు ఆ అలవాటు తక్కువే గానీ, పిల్లల్ని దింపి వెళ్లేవాళ్లకు అది కావాలి. ఇలా రాయొచ్చు:

"ఈ ఆదివారం మా వాకిట్లో నల్లమల అడవి! ఒక పులిపిల్ల తప్పిపోయింది. వెతకడానికి మీ బిడ్డ సాయం కావాలి. చెక్‌పోస్టు సాయంత్రం 4 గంటలకు తెరుస్తాం, 6:15కు మూసేస్తాం. మట్టిలో ఆటలు ఉంటాయి, పాత బట్టలు వేసి పంపండి. పల్లీలు, పాలు, గుడ్డు లాంటివేమైనా పడకపోతే ముందే చెప్పండి."

ఎంత రాసినా ఒకరిద్దరు పట్టులంగాలో, షేర్వాణీలో దిగుతారు. నాలుగు పాత టీషర్టులు పక్కన పెట్టుకుంటే పైనుంచి తొడిగేయొచ్చు.

బజారులో కొనేవి, కొనకూడనివి

కొనాల్సిన జాబితా చిన్నదే. ఆకుపచ్చ, పసుపు బెలూన్లు ఒక ప్యాకెట్, బెలూన్ పంపు, కాగితం ప్లేట్లు రెండు డజన్లు, పసుపు, నలుపు పోస్టర్ కలర్లు, స్కెచ్ పెన్నులు, దర్జీ దుకాణంలో దొరికే సన్న ఎలాస్టిక్, గోడకు అంటించే కాగితం టేపు. అట్టపెట్టెలు కిరాణా దుకాణంలో అడిగితే ఊరికే ఇస్తారు.

థర్మోకోల్ అక్షరాలు, బెలూన్లకు ప్లాస్టిక్ పుల్లలు, ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు కొనకండి. ఇవన్నీ 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధించిన వస్తువుల్లో ఉన్నాయి, ఇంకా కొన్ని దుకాణాల్లో కనబడుతున్నా సరే. తినడానికి మోదుగాకు విస్తళ్లు, డొప్పలు తెచ్చుకోండి. అడవి పార్టీలో అంతకంటే నప్పేది ఏముంటుంది? అవి దొరకకపోతే ఇంట్లో స్టీలు ప్లేట్లే.

రెండు వస్తువుల విషయంలో మాత్రం ఎవరు చెప్పినా వినకండి. ఒకటి, కేకు కోసేటప్పుడు కొట్టే నురగ స్ప్రే. దాని గ్యాస్‌కు మంట అంటుకునే గుణం ఉంది, ముందు కొవ్వొత్తులు వెలుగుతుంటాయి, పిల్లల మొహాలు అక్కడే ఉంటాయి. రెండోది గ్యాస్ బెలూన్లు. బయట అమ్మేవాటిలో చాలాసార్లు హైడ్రోజన్ నింపుతారు, నిప్పు తగిలితే భగ్గుమంటుంది. పంపుతో గాలి కొట్టిన బెలూన్లు కిందనే దొర్లుతాయి, పిల్లలకు తన్నడానికి అవే బాగుంటాయి కూడా. పగిలిన ముక్కలు మాత్రం వెంటనే ఏరేయండి. చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటే గొంతుకు అడ్డం పడతాయి.

పులి అడుగులు

ఈ పార్టీకి ప్రాణం ఇదే, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. గేటు దగ్గర మొదలై ఇల్లంతా తిరిగే పులి అడుగుజాడలు కావాలి. అట్టపెట్టె మూతను అరచేతికంటే కాస్త పెద్దగా కోయండి. దాని మీద కింద వెడల్పాటి మెత్త ఒకటి గీయండి, దాని వెనక అంచు మూడు ఉబ్బులుగా ఉండాలి. మెత్తకు పైన నాలుగు వేళ్లు, విడివిడిగా, కోలగా. గోళ్ల గుర్తులు పెట్టొద్దు. పులి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది, అడుగులో అవి పడవు. గీసిన చోటల్లా బ్లేడుతో కోసి తీసేస్తే అచ్చు తయారు. కోత పెద్దవాళ్లే కోయాలి.

ఇప్పుడు ఆ అచ్చును నేల మీద పెట్టి, చాయ్ జాలీలో బియ్యప్పిండి పోసి, పైనుంచి మెల్లగా తట్టండి. అచ్చు తీసేటప్పుడు పక్కకు లాగకుండా నిటారుగా పైకెత్తాలి, లేకపోతే వేళ్లన్నీ చెరిగిపోతాయి. ఒక పెద్ద అడుగు దూరంలో ఇంకోటి. పులి అడుగులు దాదాపు ఒకే వరుసలో పడతాయి కాబట్టి మరీ ఎడం, కుడి అని చూసుకోనక్కర్లేదు. బజారు ముగ్గుపిండి కంటే బియ్యప్పిండే మంచిది, పిల్లలు అదే చేత్తో కళ్లు నులుముకుంటారు. ఇదంతా వాకిలికి, సిమెంటు నేలకే. హాల్లో టైల్స్ మీద పిండి పడితే జారుతుంది. లోపల అదే అచ్చుతో కాగితం మీద గీసి కత్తిరించి, టేపుతో అంటించండి.

ఒక్క పులి అడుగులే ఉంటే పిల్లలు రెండు నిమిషాల్లో చివరికి చేరతారు. దారి తప్పించే అడుగులూ వేయాలి. ఎలుగుబంటికి ఐదు వేళ్లు, ముందు పొడుగాటి గోళ్ల గుర్తులు. రేచుకుక్కకు నాలుగే వేళ్లు, చూడ్డానికి పులి అడుగులాగే ఉంటుంది గానీ చిన్నది, గోళ్లు కనబడతాయి. దుప్పికి రెండుగా చీలిన గిట్ట. నెమలికి ముందుకు మూడు వేళ్లు. ఇవన్నీ ఒక అట్ట మీద గీసి గేటు దగ్గర తగిలించండి. పిల్లలు అట్ట దగ్గరికి ఉరికొచ్చి, వేళ్లు లెక్కపెట్టుకుని, మళ్లీ ఉరుకుతారు. రేచుకుక్క అడుగుల వెంట పోయినవాళ్లకు చివర్లో "మోసపోయినవ్, వెనక్కి పో" అన్న చీటీ దొరకాలి. ఆ చీటీకి వచ్చే నవ్వులు ఏ ఫ్లెక్సీకీ రావు.

పులి దారిలో నాలుగు చోట్ల పొడుపు చీటీలు పెట్టండి. ఇంట్లో వస్తువుల మీద మీరే కట్టుకోవచ్చు:

"మూడు రెక్కలున్నా ఎగరను, తిరిగి తిరిగి అక్కడే ఉంటాను." (ఫ్యాను)

"అందరి చెప్పులూ నా దగ్గరే, నాకు మాత్రం కాళ్లు లేవు." (చెప్పుల స్టాండు)

"బయట మండుటెండ, నా కడుపులో ఎప్పుడూ చలికాలం." (ఫ్రిజ్)

"కొమ్మ విరిస్తే అమ్మమ్మ తిడుతుంది, ఆకు నమిలితే దగ్గు పోతుంది." (తులసికోట)

చదవడం రాని చిన్నవాళ్లు ఉంటారు కాబట్టి ఇద్దరిద్దరిని జతకట్టండి, ఒక పెద్ద, ఒక చిన్న. చివరి చోట, మంచం కిందనో బియ్యం డ్రమ్ము వెనకనో, తప్పిపోయిన పులిపిల్ల బొమ్మ ఉంటుంది. అది దొరికాకే కేకు కోస్తామని ముందే చెప్పండి.

ఇల్లు సర్దడం

అలంకరణ తక్కువలో తేల్చేయొచ్చు. పాత ఆకుపచ్చ, గోధుమరంగు చీరలను సన్నగా మెలిపెట్టి కిటికీ ఊచల నుంచి వేలాడదీస్తే ఊడల్లా ఉంటాయి. వేప, మామిడి కొమ్మలు ముందురోజు సాయంత్రం కోసి బకెట్ నీళ్లలో ఉంచండి, పొద్దున కోసి కట్టేస్తే సాయంత్రానికి వాడిపోతాయి. బతుకమ్మ రోజులైతే తంగేడు పువ్వు ఉంటుంది, అది మన రాష్ట్ర పుష్పం. అలాగే పాలపిట్ట రాష్ట్ర పక్షి, జింక రాష్ట్ర జంతువు, జమ్మి రాష్ట్ర వృక్షం, నాలుగూ 2014లో ప్రకటించినవే. వాటి బొమ్మలు నాలుగు మూలల్లో అంటిస్తే బడి పిల్లలకు గొప్పలు చెప్పుకోవడానికి పనికొస్తాయి. ఆకులు గానీ కాగితాలు గానీ ఫ్యాను రెక్కలకు అందేలా కట్టొద్దు, దీపం పెట్టే చోటికి దగ్గరగా అసలే వద్దు. బెలూన్లను ఎండ పడే మిద్దె మీద ఉంచితే లోపలి గాలి వేడెక్కి పటపటా పేలిపోతాయి.

గేటు దగ్గర ఒక తాడు, ఒక స్టూలు, "మన్ననూర్ చెక్‌పోస్టు" అని రాసిన అట్ట. శ్రీశైలం వెళ్లిన పిల్లలు చూడగానే గుర్తుపడతారు. ఒక బాబాయి అక్కడ నిలబడి, పేరు అడిగి, చేతి మీద పులి అడుగు గీసి లోపలికి వదలాలి. ఎవరొచ్చారు, ఎవరు రావాలి అన్న లెక్క కూడా అక్కడే తేలుతుంది. చివర్లో అమ్మానాన్న వచ్చాకే తాడు ఎత్తాలి, పిల్ల ఒంటరిగా రోడ్డు మీదకు పోకుండా.

ఇక అసలు జాగ్రత్తలు. సంపు మూత గట్టిగా ఉందా, దాని మీద బరువు పెట్టారా చూడండి. నీళ్ల డ్రమ్ములు ఖాళీ చేయండి. మిద్దె మెట్ల తలుపుకు తాళం వేయండి, పిట్టగోడ ఎంత ఎత్తున్నా సరే. బండ్లు వాకిట్లోంచి తీసి వీధిలో పెట్టండి, అప్పుడే వచ్చిన బండి సైలెన్సర్‌కు కాలు ఆనితే పార్టీ ఆసుపత్రిలో ముగుస్తుంది. కుక్క ఉంటే పక్కింట్లో వదలండి. ఎండాకాలం గాలివానకు కరెంటు పోవడం మామూలే, చార్జింగ్ లైట్లు రెండు సిద్ధంగా ఉంచుకోండి.

ఆ రెండు గంటలు

నాలుగన్నారంటే నాలుగింటికి వచ్చేది ఇద్దరే. మిగతావాళ్లు నలభై నిమిషాలు అటూ ఇటూ. అందుకని మొదటి పని మధ్యలో ఎప్పుడొచ్చినా కలిసిపోయేదిగా ఉండాలి. మాస్కులు దానికి సరిపోతాయి. కాగితం ప్లేట్లకు కళ్ల రంధ్రాలు కోసి, పసుపు రంగు వేసి ముందురోజే ఆరబెట్టుకోండి. చారలు పిల్లలు గీసుకుంటారు. ఏ రెండు పులుల చారలూ ఒక్కలా ఉండవని, అడవిలో కెమెరాలు పెట్టి చారల్ని బట్టే పులుల్ని గుర్తుపట్టి లెక్కపెడతారని వాళ్లకు చెప్పండి. అప్పుడు పక్కవాడిది చూసి గీయడం మానేసి ఎవరి చారలు వాళ్లు కనిపెడతారు. ఒక అట్టపెట్టెకు పెద్ద కిటికీ కోసి, అందులోంచి మాస్కుతో తొంగిచూస్తుంటే ఫొటో తీయండి. పార్టీ ఫొటోలన్నీ అక్కడే అయిపోతాయి.

అందరూ వచ్చాక వాకిట్లో ఆటలు. మొదట కొండముచ్చు కేక. ఒకరు కొండముచ్చు, కుర్చీ ఎక్కి కూర్చుంటారు. ఒకరు పులి, స్తంభం వెనక దాక్కుంటారు. మిగతావాళ్లు దుప్పులు. వాకిట్లో చల్లిన చింతగింజలు ఏరి తమ డొప్పలో వేసుకుంటుంటారు, తలెత్తి చూడకూడదు. పులి మెల్లగా పాకుతూ రావాలి. కొండముచ్చు చూసి అరవగానే దుప్పులన్నీ ముగ్గు గీసిన నీటిగుంటలోకి ఉరకాలి. దొరికినవాళ్లు తర్వాతి పులి. అడవిలో నిజంగా జరిగేదే ఇది. చెట్టు మీద కొండముచ్చు పులిని ముందు చూసి కేక వేస్తుంది, కింద మేసే దుప్పులు చెవులు రిక్కిస్తాయి. కొండముచ్చుగా కూర్చుని కావాలనే అబద్ధపు కేకలు వేసే తుంటరి ఒకరు ప్రతి గుంపులో ఉంటారు, వాళ్లను మూడు కేకలకే దింపేయండి.

తర్వాత పులి మేక, మనందరం ఆడిందే. చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడితే లోపల మేక, బయట పులి. ఈ ఆటకు చెప్పాల్సిందేం లేదు, పిల్లలకు నేర్పడానికి పోయి పెద్దలే ఆడేస్తారు.

ఆటల్లో ఫస్టు, సెకండు ప్రైజులు పెట్టకండి. ప్రైజు ఒకరికి దక్కితే ఏడుపులు నలుగురికి దక్కుతాయి. పుట్టినరోజు బిడ్డే అన్నీ గెలవాలని పట్టుబట్టే ప్రమాదం కూడా ఉంది. ఆ బిడ్డకు ముందే ఫారెస్టు ఆఫీసరు బ్యాడ్జి పెట్టి, ఈల ఇచ్చి, ఆట మొదలెట్టడం, ఆపడం వాళ్లకే అప్పగించండి. పెత్తనం దొరికితే గెలుపు మీదకు ధ్యాస పోదు. పులి మాస్కు చూసి భయపడే చిన్నవాళ్లను బలవంతం చేయొద్దు. వాళ్లను చెక్‌పోస్టు బాబాయి పక్కన కూర్చోబెడితే కాసేపటికి వాళ్లే దిగి వస్తారు.

అయిదుంబావుకు నీళ్లు, చిరుతిండి. ఆ తర్వాత అడుగుల వేట. అయిదు ముప్పావుకు పులిపిల్లను ఊరేగింపుగా కేకు దగ్గరికి తేవడం. ఏదైనా ఆలస్యమైతే ఒక ఆట తీసేయండి, వేటను మాత్రం తగ్గించకండి.

తిండి

పిల్లలకు చిరుతిండి పేర్లతోనే సగం థీమ్ వచ్చేస్తుంది. అటుకుల చుడువాకు "ఎలుగుబంటి చెదలు" అని చీటీ పెట్టండి. మన ఎలుగుబంటి ముఖ్యంగా తినేది చెదలు, చీమలే. ఛీ ఛీ అంటూనే డొప్పలు ఖాళీ చేస్తారు. చిన్న రవ్వలడ్డూలు "పాలపిట్ట గుడ్లు". అంచుకు గాట్లు పెట్టి కోసిన కీరదోస ముక్కలు "మొసలి పండ్లు". వానాకాలమైతే మక్కగారెలు వేడివేడిగా. ఉడకబెట్టిన పల్లీలు పాలమూరు ఇంట్లో ఎలాగూ ఉంటాయి, కానీ ఐదేళ్లలోపు పిల్లలకు గింజలు ఇవ్వొద్దు, గొంతులో పడితే కష్టం. సీతాఫలం కాలం కదా అని పండ్లు ముందు పెట్టకండి, గింజలు ఎక్కడ పడితే అక్కడ ఊసేస్తారు. గుజ్జు తీసి పాలల్లో కలిపి ఇస్తే గోల ఉండదు.

తాగడానికి కూల్‌డ్రింకు వద్దు, నల్లగొండ బత్తాయిలు ఉండగా. పన్నెండు మంది పిల్లలకు చిన్న గ్లాసుల లెక్కన నాలుగైదు కిలోల కాయలు తెచ్చుకోండి. రసం మాత్రం పొద్దునే తీసి ఫ్రిజ్‌లో పెట్టొద్దు, నిల్వ ఉన్నకొద్దీ చేదెక్కుతుంది. పిల్లలు వేటలో ఉన్నప్పుడు తీస్తే సరిపోతుంది.

రాత్రి దావత్‌కు ప్రయోగాలు చేయకండి. బగారా అన్నం, కోడికూర, తినని వాళ్లకు ఆలుగడ్డ కుర్మా, పెరుగు చట్నీ. పదిహేను మంది పెద్దలకు, ఉండిపోయిన పిల్లలకు కలిపి రెండున్నర కిలోల బియ్యం సరిపోతాయి. కూర మధ్యాహ్నానికే అయిపోవాలి. అన్నం ఆరున్నరకు, పిల్లలు వెళ్లాక పెట్టుకోవచ్చు.

కేకు, హారతి

కిలో కేకు చాలు. పిల్లలు తినేది చిన్న ముక్క, అందులో సగం క్రీమ్ గీకి వదిలేస్తారు. బేకరీలో మూడు రోజుల ముందు చెప్పి, పైన ఆకుపచ్చ క్రీమ్ మాత్రమే వేయించుకోండి. వేటలో దొరికిన పులిపిల్ల బొమ్మను కడిగి దాని పక్కన కూర్చోబెడితే థీమ్ కేకు అయిపోయినట్టే. చాక్లెట్‌తో పులి మొహం చెక్కించడానికి అయ్యే డబ్బుతో ఇంకో కిలో బత్తాయిలూ, రెండు రంగు డబ్బాలూ వస్తాయి. ఎండాకాలంలో కేకును పార్టీ మొదట్నుంచీ టేబుల్ మీద పెట్టి ప్రదర్శించకండి, క్రీమ్ జారిపోతుంది. కోసే ముందు పావుగంటకు తీస్తే చాలు.

దీపం ఊదడం నాయనమ్మకు నచ్చకపోతే కొవ్వొత్తి మానేయండి. ఆమె చేతే ఒక దీపం వెలిగించి, బొట్టు పెట్టించి, హారతి ఇప్పించి, తర్వాత కేకు కోయించండి. పిల్లలందరి చేతికీ నాలుగు అక్షింతలు ఇచ్చి వేయమనండి. ఆ ఉత్సాహంలో సగం కేకు మీద పడతాయి, అందుకే కేకును రెండడుగులు వెనక్కి జరిపి పెట్టుకోండి.

వెళ్లేటప్పుడు, వెళ్లాక

రిటర్న్ గిఫ్టుగా ఒక చిన్న నోటుబుక్కు, పెన్సిలు, రెండు పల్లీపట్టీలు కాగితం సంచిలో వేసి, సంచి మీద పులి అడుగు అచ్చు కొట్టండి. వాళ్లు చేసుకున్న మాస్కు ఎలాగూ వాళ్లదే. మొక్కలు ఇవ్వాలని చాలామందికి ఉంటుంది. పెరడున్న ఇళ్లకైతే ఇవ్వండి, అపార్టుమెంటు మూడో అంతస్తుకు వేపమొక్క పంపి లాభం లేదు.

కవర్లు, గిఫ్టులు పిల్లల ముందు విప్పొద్దు. ఎవరిచ్చింది ఏమిటో ఆ రాత్రే ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి, రేపు వాళ్లింటికి వెళ్లేటప్పుడు ఆ లెక్క అవసరమవుతుంది. వాకిట్లో బియ్యప్పిండి పొద్దుటిదాకా ఉంచితే చీమలు బారులు కడతాయి, పడుకునే ముందే ఊడ్చి నీళ్లు చల్లండి. ఇతరుల పిల్లలున్న ఫొటోలను స్టేటస్‌లో పెట్టే ముందు వాళ్ల అమ్మానాన్నలను ఒక మాట అడగండి. విడిగా వాళ్లకు పంపితే ఇంకా మంచిది, అట్టపెట్టె కిటికీలోంచి తొంగిచూస్తున్న పులి తమ బిడ్డేనని చూడగానే గుర్తుపడతారు.